వరసలో ఎనిమిదో సంచి

పోయినవారం మనం సూదక్కను షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. మనకేం, మన పనులు మనం చూసుకున్నాం. ఆవిడ మాత్రం అక్కడే, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నిలబడి ఉంది. కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆవిణ్ణి లోపలికి తీసుకెళతాను.

ఆ ఊళ్లో కొండ మీది నుంచి పారాగ్లైడర్లు ఎగురుతాయి. పొడవాటి గుడ్డ రెక్క, దానికి సన్నటి తాళ్లు, ఆ తాళ్ల చివర సీటులో కూర్చున్న మనిషి. అంతే సరంజామా. ఆ రెక్కలు చిరిగితే కుట్టేదీ, పాతవాటిని పరీక్షించి ఎగరొచ్చని ముద్ర వేసేదీ సూదక్క. అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తులేదు. ఆవిడ భర్త అక్కడ ఎగరడం నేర్పే మాస్టారు. మూడు నెలల కిందట, పట్టపగలు, శిష్యులంతా చూస్తుండగా మాస్టారి నీలం రెక్క కుడివైపు ముడుచుకుపోయి, ఆయన చెట్ల మీద పడ్డాడు. మళ్లీ లేవలేదు. సరిగ్గా ఆ కుడివైపే, నాలుగు రోజుల ముందు, సూదక్క ఒక చిరుగు కుట్టింది.

ఎవరూ ఆవిడ ముఖాన ఒక్క మాట అనలేదు. అననక్కర్లేకపోయింది. పొద్దున లేచింది మొదలు ఆవిడే తనను తాను అనుకునేది. పంతొమ్మిదేళ్ల కూతురు మూడు నెలలుగా తల్లితో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. నా కుట్టు మీద కోపం, అని సూదక్క తీర్మానించుకుంది. ఆ రోజు నుంచి సూది ముట్టలేదు. పరీక్షకు పంపిన నీలం రెక్క తిరిగొచ్చిందనీ, తనిఖీ చేసినావిడ కూడా వెంట వచ్చి షెడ్డులో కూర్చుందనీ మరిది వచ్చి కబురు చెప్పాడు. అక్కడ ఆగాం.

సరే, లోపలికి వెళదాం.

షెడ్డు మధ్యలో పద్దెనిమిది అడుగుల బల్ల. దాని మీద నీలం రెక్క పరిచి ఉంది. కుట్టుమిషన్ మీద కప్పిన దుప్పటి దుమ్ముపట్టి రంగు మారింది. గోడవార బెంచీ మీద బాగుచేయాల్సిన రెక్కల సంచులు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక అట్ట చీటీ కట్టి. ఎవరి రెక్కకు వాళ్లే చీటీ రాయాలి, అది అక్కడి పద్ధతి. ఎవరిది, సామానుతో కలిపి ఎంత బరువు, ఎప్పటికి కావాలి. మొత్తం ఎనిమిది సంచులు. అందులో ఏడు బయటివాళ్లవి. అక్క కోలుకున్నాక చూస్తుందిలే అని వాళ్లు వెనక్కి తీసుకెళ్లకుండా వదిలేశారు. అది తన మీద నమ్మకం అని సూదక్కకు తట్టలేదు, జాలి అనుకుంది. ఎనిమిదోది ఇంటిదే. గోడ మూలకు ఒదిగి ఉంది.

తనిఖీ ఆవిడ పొట్టిగా, కళ్లజోడు తాడుతో మెడకు వేలాడేసుకుని ఉంది. "కూర్చోండమ్మా," అంది.

"నిలబడే వింటాను. చెప్పండి."

"నేను నిలబడి చెప్పలేను, మోకాళ్ల నొప్పులు. మీరు కూర్చోకపోతే నాకు కూర్చోడానికి మొహమాటం."

సూదక్క స్టూలు అంచున కూర్చుంది. మరిది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కొండ కింద కాటా దగ్గర, ఎగరబోయే ప్రతి మనిషినీ సామానుతో సహా తూచి పుస్తకంలో రాసేది అతనే. చిన్నప్పటి నుంచి వదిన చేతి కింద పెరిగినవాడు. మూడు నెలలుగా రోజూ సాయంత్రం వచ్చి, టీ తాగి, ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చుని వెళ్లేవాడు. అన్న పోయిన బాధ, పాపం, అని సూదక్క అనుకునేది.

తనిఖీ ఆవిడ రెక్క కుడివైపు అంచు ఎత్తి, సూదక్క ఒడిలో పెట్టింది. "ఇది మీ కుట్టే కదా?"

చూడక్కర్లేకుండానే సూదక్క వేలికి తెలిసింది. అయినా చూసింది. జానెడు పొడవున రెండు వరసల కుట్టు. ఒక్క పోగు కూడా లేవలేదు.

"దీన్ని మిషన్‌కి పెట్టి లాగాం. పక్కన గుడ్డ చిరిగిందిగానీ మీ కుట్టు కదల్లేదు. ఇదిగో, ఈ చిరుగులన్నీ చెట్టు కొమ్మలవి. పడ్డాక చిరిగినవి. పడకముందు ఈ రెక్కలో ఏ లోపమూ లేదమ్మా. తాళ్లు కూడా బాగున్నాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఇంత శుభ్రమైన కుట్టు నేను పెద్దగా చూడలేదు."

మూడు నెలల పాటు సూదక్క గుండెల మీద మోసిన బండ ఎవరో వచ్చి తీసేస్తే, తేలిగ్గా ఉండాలి కదా. లేదు. ఆ కుట్టును అరచేత్తో నిమురుతూ, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. ఆ రోజున ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది. తనిఖీ ఆవిడ తొందరపెట్టలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

ఏడుపు తగ్గాక సూదక్క కొంగుతో ముఖం ఒత్తుకుని, "మరి ఎందుకు ముడుచుకుంది?" అంది.

"అది అడగడానికే నేను ఇంత దూరం వచ్చాను. కాగితం పోస్టులో పంపినా సరిపోయేది." ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి, మళ్లీ ఇటు తిరిగింది. "ఈ రెక్క ఎనభై అయిదు కిలోల నుంచి నూట అయిదు దాకా మోస్తుంది. మనిషీ, సీటూ, రెక్కా, బూట్లూ, అన్నీ కలిపి. అది మీకు తెలుసు."

"తెలుసు. ఆయనకి తొంభై రెండు. ఆ రెక్క కొన్నప్పటి నుంచీ అంతే."

"ఆస్పత్రిలో మాస్టారి బరువు అరవై రెండు అని రాశారమ్మా. సామాను ఇరవై. మొత్తం ఎనభై రెండు. ఈ రెక్కకి ఉండాల్సిన కనీసం కన్నా మూడు కిలోలు తక్కువ. తీగ మీద తడి దుప్పటి ఆరేస్తే గాలికి ఎంత కదులుతుంది? అదే ఆరిపోయాక చూడండి, చిన్న గాలికే చుట్టుకుపోతుంది. బరువు చాలని రెక్క కూడా అంతే. తాళ్లలో బిగువు ఉండదు. గాలి స్థిమితంగా ఉన్నప్పుడు ఏమీ తెలీదు, కుదుపు వచ్చినప్పుడు తెలుస్తుంది. ముడుచుకుందంటే మళ్లీ విచ్చుకోడానికి ఆలస్యం చేస్తుంది. చెట్లకు అంత దగ్గరలో ఆయనకి ఆ వ్యవధి దొరకలేదు."

అరవై రెండు. సూదక్క తల అడ్డంగా ఊపబోయి ఆగిపోయింది. ఆ సీజన్లో మాస్టారి ప్యాంట్ల నడుము మూడుసార్లు లోపలికి కుట్టింది తనే. మొదటిసారి ముప్పై నాలుగు, తరవాత ముప్పై రెండున్నర, చివరికి ముప్పై ఒకటి. టేపు పెట్టి తన చేతులతోనే కొలిచింది. "ఏమిటండీ ఇలా చిక్కిపోతున్నారు?" అంటే, "కొండలెక్కి దిగే మనిషికి పొట్ట ఉంటే పరువు తక్కువే," అని నవ్వాడు. తనూ నవ్వింది. అంగుళాలు తెలిశాయిగానీ వాటిని కిలోల్లోకి మార్చుకోవాలని తోచలేదు ఆ మహాతల్లికి. ఇంటి మనిషి కదా. రోజూ కళ్ల ముందు తిరిగేవాడు రోజూ కొంచెం తగ్గితే ఎవరికి కనబడుతుంది, మీరే చెప్పండి.

తనిఖీ ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. "బాబూ, ఆ రోజు తూచింది మీరే కదా?"

"నేనే."

"పుస్తకంలో ఎంత ఉంది?"

"తొంభై రెండు."

"మనిషి అరవై రెండు, సామాను ఇరవై. మిగతా పది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

మరిది తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నాడు. తనిఖీ ఆవిడ లోకం చూసిన మనిషి. "బయట కుళాయి ఉన్నట్టుంది, ముఖం కడుక్కుని వస్తాను," అని లేచి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వెళ్లిపోయింది.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. సూదక్క ఒడిలో రెక్క అంచు అలాగే పట్టుకుని మరిది ముఖంలోకి చూస్తూ కూర్చుంది. ఆ చూపు తట్టుకోవడం కన్నా నోరు విప్పడమే నయమనిపించింది అతనికి.

"నీళ్లు వదినా," అన్నాడు. "దిండంత సంచి ఒకటి ఉండేది. పది లీటర్లు. రోజూ కాటా షెడ్డు వెనక కుళాయి దగ్గర నింపి, అన్న సీటు కింద పెట్టుకునేవాడు. దాంతో కలిపే తూచేవాణ్ణి. నేను దొంగలెక్క రాయలేదు. తొంభై రెండే వచ్చేది."

"ఎన్నాళ్లుగా?"

"సీజన్ మధ్య నుంచి. మొదట రెండు లీటర్లతో మొదలుపెట్టాడు. తరవాత్తరవాత పెంచాడు. వదినకి చెప్పావంటే నా మీద ఒట్టే అన్నాడు. ఒంట్లో ఏదో బాగాలేదని తెలుసుగానీ, అదేంటో నాకు చెప్పలేదు. సీజన్ అయిపోయాక నేనే చెప్పుకుంటాను మీ వదినకి, అనేవాడు."

"ఆ రోజు కూడా తొంభై రెండే తూచావు. మరి పడ్డప్పుడు ఆ నీళ్లు ఏమయ్యాయి?"

మరిది గోడకు ఆనుకుని, అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఆ రోజు బండి మొరాయించింది. అందరం నడిచే ఎక్కాం. పిల్లలు ముందెళ్లిపోయారు, అన్నా నేనూ వెనకపడ్డాం. సగం దారిలో అన్న మూడుసార్లు కూలబడ్డాడు. ఆయాసం. నా భుజాల మీద రేడియోలూ, గాలి జెండాలూ ఉన్నాయి, ఇంకేం మోయలేను. అన్నా, ఆ నీళ్లు పారబోసేద్దాం, పైన కుళాయి ఉందిగా, అక్కడ నింపుకోవచ్చు, అన్నాను. నేనే అన్నాను వదినా. మూత తీసింది కూడా నేనే."

"పైకి వెళ్లాక?"

"కుళాయిలో చుక్క లేదు."

బయట తనిఖీ ఆవిడ తిప్పిన కుళాయి ధారగా పడుతున్న శబ్దం వినబడుతోంది. మరిది రెండు చేతులతో చెవులు మూసుకుని, సిగ్గుపడి, తీసేశాడు.

"ఎనిమిది మంది పిల్లలు సామాను కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్ల దగ్గర తాగే నీళ్ల సీసాలున్నాయి. అవి తీసుకుందాం అన్నా అంటే ఒప్పుకోలేదు. ఎందుకు మాస్టారూ అని అడుగుతారు, ఏం చెప్పమంటావు, అన్నాడు. మామూలుగా పొద్దున్నే ఎగురుతాం, గాలి నెమ్మదిగా ఉంటుంది. ఆ రోజు ఎక్కేసరికే ఎండ ముదిరింది. వద్దు అన్నా, అన్నాను. చెయ్యి కూడా పట్టుకున్నాను. పిల్లల్ని పంపేముందు గాలి చూసేది నేనే కదరా, ఐదు నిమిషాల్లో దిగిపోతా, అన్నాడు. అంతే."

సూదక్క లేచింది. రెక్కను ఒడిలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఆ తొందరలో కూడా అంచు మడతపడకుండా సర్దింది. అలవాటు అలాంటిది. తరవాత మరిది ఎదురుగా వచ్చి నిలబడింది.

"మూడు నెలలు నా ఇంటికొచ్చి టీ తాగావు."

"వదినా..."

"కత్తెర చూస్తే నా చేతుల మీద నాకే అసహ్యం వేసేది. ఈ చేతులే ఆయన్ని చంపాయి అనుకుని అన్నం కలుపుకోలేకపోయేదాన్ని. చెంచాతో తిన్నాను. నువ్వు చూశావు. చూసి, టీ గ్లాసు కింద పెట్టి, వస్తాను వదినా అని లేచి వెళ్లిపోయావు."

"రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. నువ్వు టీ తెచ్చి ముందు పెట్టేసరికి గొంతు పెగిలేది కాదు. తెలిస్తే నువ్వు కూడా నన్ను రానివ్వవు అనిపించేది. నాకింకెవరున్నారు వదినా?"

ఒక్కటిచ్చుకుందామన్నంత కోపం వచ్చింది సూదక్కకు. చెయ్యి లేచింది కూడా. కానీ కింద కూర్చున్నవాడు ఏడుస్తున్న తీరు అచ్చం స్కూల్లో ఫెయిలైన రోజున ఏడ్చినట్టే ఉంది. అప్పుడు కూడా ఇలాగే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేచిన చెయ్యి దిగిపోయింది. కోపం మాత్రం దిగలేదు. అది ఎటు పోవాలో తెలియక చచ్చిపోయిన మనిషి మీదికి మళ్లింది.

"ఆయనకేం పుట్టిందిరా?" అంది. "బరువు తగ్గితే నీళ్లు మొయ్యడమేంటి? చిన్న రెక్క వేసుకోవాలిగానీ. ఒంటికి తగ్గ రెక్క వెయ్యండర్రా, పెద్దదైతే గాలి మిమ్మల్ని ఆడిస్తుంది అని పిల్లలకి రోజూ చెప్పేది ఆయనే. డెబ్బై నుంచి తొంభై దాకా మోసేది ఒకటి తెచ్చుకుంటే, ఆ ఎనభై రెండుతోనే దర్జాగా ఎగిరేవాడు. నీళ్లూ వద్దు, దాపరికమూ వద్దు. ఆమాత్రం తెలీదా ఆయనకి?"

మరిది తల ఎత్తాడు. వదిన ముఖంలోకి చూడలేదు. ఆవిడ భుజం పక్కనుంచి, గోడవార బెంచీ వైపు చూశాడు.

"తెచ్చుకున్నాడు వదినా," అన్నాడు.

వెనక్కి తిరగకముందే సూదక్కకు అంతా తెలిసిపోయింది. ఎనిమిదో సంచి.

ఆయన పోవడానికి నెలన్నర ముందు సంగతి. మధ్యాహ్నం భోజనం వేళ మాస్టారు ఆ సంచి చంకన పెట్టుకుని వచ్చాడు. "ఎవరో వాడింది, చవగ్గా వచ్చింది. ఒక సన్నటి మనిషికి కావాలట. కాస్త చూసి ముద్ర వేసి పెట్టు," అన్నాడు. సూదక్క ముద్ర లేనిదే ఏ రెక్కా ఆ కొండ మీది నుంచి ఎగరకూడదు. ఆ నియమం పెట్టింది మాస్టారే, అది తనకు కూడా వర్తిస్తుందనేవాడు. "అక్కడ పెట్టండి," అంది తను. అప్పుడు బెంచీ మీద అది రెండోది.

రెండు రోజుల తరవాత బయటివాళ్లెవరో వచ్చి మాకు అర్జెంటు అన్నారు. ఇంట్లోదే కదా అని ఆ సంచిని ఒక చోటు వెనక్కి జరిపింది. మరో నాలుగు రోజులకు ఇంకొకరు. మళ్లీ జరిపింది. మాస్టారు అన్నం తింటూ అప్పుడప్పుడూ అడిగేవాడు. "ఆ సంచి అయిందా?" "బయటివాళ్ల పని కానివ్వండి, మాట వస్తుంది. మనది ఎక్కడికి పోతుంది?" అనేది. "నిజమే," అని మజ్జిగ పోసుకునేవాడు. గట్టిగా అడగలేదు. గట్టిగా అడిగితే ఎవరికని తను అడుగుతుందని భయపడ్డాడేమో. అలా కొత్తది వచ్చినప్పుడల్లా ఆ సంచి ఒక్కో చోటు వెనక్కి జరిగి, గోడ మూలకు చేరింది. జరిపినవన్నీ ఈ చేతులే. ఆ రెక్కను చూసి ముద్ర వేయడం ఎంత పని అనుకున్నారు? ఒక్క పూట.

కుట్టు మంచిదే. కుట్టు ఎవరినీ చంపలేదు. ఇప్పుడే కదా విన్నది. ఆ మాట విని అరగంట కాలేదు.

సూదక్క బెంచీ దగ్గరకు నడిచింది. ఏడు సంచులు దాటి, ఎనిమిదో దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తాడుకు కట్టిన అట్ట చీటీ గోడవైపు తిరిగి ఉంది. బయటివాళ్ల సంచులు వచ్చీ రాకముందే చీటీలు చదివేది, తప్పులుంటే దిద్దించేది. ఇంటి సంచి చీటీ ఒక్కనాడూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఇటు తిప్పింది.

అది మాస్టారి రాత కాదు. గుండ్రటి అక్షరాలు, ఒత్తులు కాస్త పెద్దవి. కూతురిది. ఆ అక్షరాలను చిన్నప్పుడు పలక మీద వేలు పట్టి దిద్దించింది తనే.

ఎవరిది: నాన్నది.

సామానుతో కలిపి బరువు: 82.

ఎప్పటికి కావాలి: వెంటనే.

'వెంటనే' కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. అట్ట అక్కడ కొంచెం చిరిగింది, అంత ఒత్తి గీసింది పిల్ల.

గుమ్మంలో అలికిడైంది. మరిది లేచి పక్కకు తప్పుకున్నాడు. కూతురు నిలబడి ఉంది, చేతిలో కాలేజీ సంచి. బల్ల మీద నీలం రెక్కను చూసింది, బాబాయి ఏడ్చిన ముఖాన్ని చూసింది, మోకాళ్ల మీద కూర్చున్న తల్లినీ, ఆమె చేతిలో చీటీనీ చూసింది. సంచి జారి కింద పడినా తీసుకోలేదు.

"ఇన్నాళ్లకి చదివావా అమ్మా?" అంది. మూడు నెలల్లో తల్లిని అడిగిన మొదటి ప్రశ్న అది. గొంతులో కోపం లేదు. సూదక్క ఇన్నాళ్లూ కోపం అనుకున్నది అసలు కోపమే కాదు. "రోజూ వచ్చి చూసేదాన్ని, చీటీ ఇటు తిరిగిందా లేదా అని. నోటితో చెప్పనని నాన్నకి మాటిచ్చాను, అందుకే రాశాను. నువ్వు ఎలాగూ చదువుతావు కదా అనుకున్నాను. నువ్వు అందరివీ చదువుతావు."

పిల్ల దగ్గరకు వచ్చి, తల్లి పక్కనే నేల మీద చతికిలబడి, ఆ చల్లటి చేతిని తన చేతిలోకి తీసుకుంది. మూడు నెలలుగా తల్లి అసహ్యించుకున్న చెయ్యి అది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎంతసేపో మరిది కూడా లెక్కపెట్టలేదు. తనిఖీ ఆవిడ గుమ్మం దాకా వచ్చి, మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది.

చివరికి పిల్లే కళ్లు తుడుచుకుంది. తల్లి గుప్పిట్లో నలిగిన చీటీని వేలితో ముట్టుకుంది.

"వెనక్కి తిప్పమ్మా," అంది. "నేను రాసింది చూసి, అటువైపు నాన్న రాశాడు. అది నీకట. నేను చదవలేదు."